జ్ఞానసుందరి టీచరమ్మ డివిడెండు దేశాలు

మొన్న సోమవారం తెల్లవారుతుండగా జ్ఞానసుందరి టీచరమ్మ ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ఆరుంబావుకు స్టెల్లా ఫోన్ చేసేసరికి నేను గోడగడియారానికి కీ ఇస్తున్నాను. స్టెల్లా టీచరమ్మ చెల్లెలి కూతురు, గచ్చిబౌలిలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. "అంకుల్, పెద్దమ్మ..." అని ఆగిపోయింది. ఇటువంటి వార్త ఎందరికో చెప్పిన అమ్మాయికి తన ఇంటి వార్త చెప్పడానికి మాట రాలేదు. కీ ఇవ్వడం మధ్యలోనే వదిలేసినట్టున్నాను, మరునాడు మధ్యాహ్నం గడియారం ఆగిపోయింది. నేను కీ మరవడం వల్ల అది ఆగడం ఈ ఇంట్లో అదే మొదలు.

నలభై ఏళ్ళకు పైగా డైరీ రాస్తున్నాను. ఆ రోజు పేజీలో "టీచరమ్మ లేరు" అని రెండు మాటలు రాసి కలం మూశాను. మిగతా పేజీ తెల్లగా ఉంది. అక్కడ పట్టని సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆ పుణ్యాత్మురాలికి నేనొక అపరాధం చేశాను. ఆమె ఉన్నన్నాళ్ళూ చెప్పలేకపోయాను. ఆమెను ఎరిగిన మన కాలనీ వారికైనా చెప్పుకోవాలి.

టీచరమ్మ కృష్ణాతీరం మనిషి. మిషను బడిలో ముప్పై రెండేళ్ళు భూగోళం చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగ విరమణ తరువాత, స్టెల్లాకు ఇక్కడ ఉద్యోగం రాగా, మా వెనక వీధిలో ఇల్లు కిరాయికి తీసుకుని ఇద్దరూ వచ్చారు. నేను ఈ నేలవాణ్ణే. లింగంపల్లి స్టేషనులో టికెట్ల కౌంటరు వెనక కూర్చుని పదవీ విరమణ చేశాను. వచ్చిన కొత్తలో ఆమె మా ఇంటికి వచ్చి మా ఆవిడ లక్ష్మిని అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ గుర్తు. "ఇక్కడ తూర్పు ఎటండీ? ఈ అపార్టుమెంట్లలో సూర్యుడు ఎటు నుంచి వస్తున్నాడో తెలియట్లేదు."

లక్ష్మి నవ్వింది. "మాకేం ఎరుక టీచరమ్మా, మా వరండాలకు ఎండ ఎదురు బిల్డింగు అద్దంల నుంచి వస్తది."

"అయితే మీకు తూర్పు రెండు వైపులా ఉందన్నమాట. అదృష్టవంతులు" అన్నారామె. అప్పటి నుంచి మా ఇంట్లో తూర్పులు రెండు.

ప్రపంచంలోని నదులన్నీ ఆమెకు వరసగా తెలుసు. దేశం దాటి ఎరగరు. విరమణ తరువాత పాస్‌పోర్టు తీసుకున్నారు. ప్రయాణానికని కొంత సొమ్ము వేరుగా దాచుకున్నారు. ఇంతలో గుండె బలహీనమైంది. విమానం వద్దన్నారు డాక్టర్లు. ఒకనాడు ఆ పాస్‌పోర్టు మాకు చూపించారు. ఒక్క ముద్ర లేదు. పేజీలు కొత్త నోటు పుస్తకంలా ఉన్నాయి. "నేను వెళ్ళలేను. పోనీ, డబ్బునైనా పంపిద్దాం. అది తిరిగి చూసొచ్చి, అప్పుడప్పుడు ఉత్తరం రాస్తుంది" అన్నారు.

ఆమె మనసులో ఉన్నది ఒక ఫండు. దేశదేశాల్లో క్రమంగా డివిడెండు పంచే కంపెనీల వాటాలు కొనే ఫండు. దాని కాగితంలో దేశాల పేర్లన్నీ ఉంటాయి, అందుకే ఆమెకు నచ్చింది. లాభాల పట్టిక ఆమె చూడలేదు. దేశాల పట్టిక మాత్రం నాకు రెండుసార్లు చదివి వినిపించారు.

మాదాపూరులో ఆ ఫండు ఆఫీసుకు ఇద్దరం వెళ్ళాం. అప్పుడే ఆమెకు కంటి ఆపరేషను అయింది, నల్లద్దాలు పెట్టుకుని ఉన్నారు. బల్ల దగ్గరున్న అమ్మాయి ఓపికగా చెప్పింది: "మేడమ్, డివిడెండు ఇంతని గానీ ఇప్పుడని గానీ గ్యారంటీ ఏమీ ఉండదు."

"ఉత్తరాలు కూడా గ్యారంటీగా రావు కదమ్మా. రాసేవాళ్ళుంటే చాలు" అన్నారు టీచరమ్మ. నా వైపు తిరిగి, "యాదగిరి గారూ, నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఫారం మీరు నింపండి. డివిడెండు గడి మీద టిక్కు పెట్టండి, మరిచిపోకండేం" అన్నారు.

ఆమె మంచినీళ్ళ కోసం లేచినప్పుడు నేను ఆ అమ్మాయిని రెండు గడుల తేడా అడిగాను. డివిడెండు తీసుకుంటే పన్ను పడుతుందని, గ్రోత్ అనే గడిలో పెడితే ఏదీ చేతికి రాదు గానీ సొమ్ము అక్కడే ఉండి పెరిగే వీలుందని చెప్పింది. నేను లెక్కా పద్ధతీ ఉన్న మనిషిని. గుండె జబ్బున్న ఒంటరి మనిషికి ఉత్తరాల కన్నా సొమ్మే ముఖ్యమనుకున్నాను. గ్రోత్ మీద టిక్కు పెట్టాను. ఆమె వచ్చి, నేను వేలు పెట్టి చూపిన చోట సంతకం చేశారు. ఆ రోజు నా డైరీలో "టీచరమ్మ మేలు కోరి గ్రోత్ పెట్టితిని" అని ఉంది. మేలు అన్న మాట కింద గీత కూడా గీశాను.

మూడు నెలలైంది. ఆమె బ్యాంకుకు వెళ్ళి పాసుపుస్తకంలో లెక్కలు అచ్చు వేయించుకుని వచ్చారు. "ఇంకా రాలేదండీ" అన్నారు. పదిహేను రోజులు పోయాక మళ్ళీ వెళ్ళారు. "దూరం కదండీ" అన్నారు, నాకు ధైర్యం చెబుతున్నట్టు. మూడోసారీ వెళ్ళి వచ్చారు. పుస్తకం సంచిలో పెట్టుకుని, మా వరండాలో కూర్చుని, టపా రాని రోజున మా అమ్మ కూర్చున్నట్టు కూర్చున్నారు.

గడి మార్చాలంటే ఆమె సంతకం కావాలి. సంతకం కావాలంటే నిజం చెప్పాలి. మరునాడు లింగంపల్లి బ్యాంకుకు పోయి, నా పింఛనులోంచి కొంత ఆమె ఖాతాలో నగదుగా కట్టాను. చెక్కు మీద పేరుంటుంది, నగదుకు పేరుండదని నా ఆలోచన. నిజమైన డివిడెండులా కనిపించాలని గుండ్రంగా కాకుండా చిల్లర తేడాతో కట్టాను.

నాలుగో రోజున టీచరమ్మ మా గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో పాసుపుస్తకం, చంకలో అట్లాసు. "లక్ష్మి గారూ! వచ్చిందండీ!"

"ఏడికెళ్ళి టీచరమ్మా?"

"అదే తేల్చాలి" అంటూ అట్లాసు బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టారు. కళ్ళు తెరిచి చూసి, "నార్వే!" అన్నారు. ఆ ముఖం చూశాక ఇక నిజం చెప్పడం నావల్ల కాదని తెలిసిపోయింది.

అలా మొదలైంది. మూడు నెలలకోసారి నేను బ్యాంకుకు పోవడం, ఆమె పుస్తకం తేవడం, వేలు పెట్టడం. ఒకసారి పోర్చుగల్. ఒకసారి జపాన్. ఒకసారి వేలు నీళ్ళలో పడింది. లక్ష్మి తొంగి చూసి, "గిదేంది, సముద్రంల పడ్డది. పైసలు మునిగినయా?" అంది.

"మునగలేదండీ. ఓడలో ఉన్నట్టు. ఇంకా తీరానికి చేరలేదు" అన్నారు టీచరమ్మ. వారం ఆగి మళ్ళీ వేలు పెట్టారు. ఆ వారమంతా ఆమె ఓడ గురించే మాట్లాడారు. ఏ గాలి ఏ నెలలో ఎటు వీస్తుందో, దీపస్తంభాలు ఎలా వెలుగుతాయో చెబుతుంటే, మా వరండా కదిలినట్టుండేది. మందులు వేసుకోవడం మరిచి విన్న రోజులున్నాయి.

డివిడెండు వచ్చిన మరునాడు పొద్దున్నే ముగ్గురం కోకాపేట వైపు వెళ్ళడం ఆనవాయితీ. ఆటో ఖర్చు ఆమెదే, టిఫిన్లు ఆమెవే. నేను చిన్నతనంలో మేకలు కాసిన బండల మీద ఇప్పుడు మెడ నొప్పి పుట్టేంత ఎత్తున కంపెనీల అద్దాల మేడలున్నాయి. మంచు దిగిన పొద్దుల్లో వాటి కింది సగం కనిపించదు, పై అంతస్తులు ఆకాశంలో తేలుతుంటాయి. టీచరమ్మ చేతికర్ర ఆనించి, ఆ అద్దాల మీద జారే మబ్బుల్ని చూసేవారు. "అదిగోనండి, నార్వే మబ్బు. నెమ్మదిగా పోతోంది చూడండి, చలిదేశపుది." మా ఊరి మబ్బులే అవి, నాకు తెలుసు. అయినా ఆమె చెప్పాక భుజాలకు చలి తగిలేది.

ఒకసారి అట్లా నిలబడితే సెక్యూరిటీ ఆయన వచ్చి, "ఎవల్ని కలవాలె అమ్మా?" అన్నాడు.

"ఎవర్నీ కాదు నాయనా. ఇలాంటి కంపెనీల్లో నాకు కొంచెం వాటా ఉంది. చూసి పోదామని."

ఆయన ఆమె నేతచీరనూ, రబ్బరు చెప్పులనూ చూశాడు. "గట్లనా! మరి మేడమ్, ఓనరు మీరే అయితే నా జీతం జర పెంచమని చెప్పున్రి."

"తప్పకుండా. ఈసారి నార్వే వాళ్ళకి రాస్తాను" అన్నారామె ఏ మాత్రం నవ్వకుండా. ఆయనే ముందు నవ్వి కుర్చీ తెచ్చి వేశాడు. తరువాతి డివిడెండుకు ఆమె ఆయన కోసం వేరుగా టిఫిను కట్టించి తీసుకువెళ్ళారు.

వచ్చిన సొమ్ము ఆ దేశం పేరు మీదే ఖర్చు కావాలి, అది ఇంకో నియమం. పెద్ద కొట్లో ఆ దేశపు వస్తువు ఏదో ఒకటి కొనేవారు. న్యూజిలాండ్ పంపినప్పుడు కివీ పళ్ళు తెచ్చి లక్ష్మి చేతిలో పెట్టారు. లక్ష్మి ఒక ముక్క కొరికి ముఖం ముడిచింది. "ఏంది టీచరమ్మా, గింత దూరం నుంచి గింత పులుపు పంపిన్రు? గిదే పైసలకు మన చింతకాయ బస్తెడొస్తది."

"ఆ దేశం ముఖం చూడకుండా చింతకాయ ముఖం చూస్తారా!" అని టీచరమ్మ దెప్పారు. రెండో ముక్క మాత్రం ఎప్పుడూ నాకే. "ఇది మీ భాగం యాదగిరి గారూ. ఫారం నింపింది మీరేగా" అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా నేను నేల చూసేవాణ్ణి.

నిరుడు వానాకాలంలో నాకు విషజ్వరం వచ్చి ఇరవై రోజులు మంచం పట్టాను. బ్యాంకుకు పోవలసిన రోజు దాటిపోయింది. జ్వరం కన్నా అదే నన్ను ఎక్కువ వేధించింది. టీచరమ్మ ఇడ్లీలు పట్టుకుని చూడవచ్చారు. తడి గుడ్డ నా నుదుటి మీద సరిచేసి, "ఈసారి డివిడెండు ఆలస్యమైందండీ. అయినా తొందరేం లేదు. అక్కడ వాతావరణం బాగోలేనట్టుంది. తేరుకున్నాకే పంపుతారు" అన్నారు. ఆ మాట విని నిశ్చింతగా కళ్ళు మూసుకున్నాను. అంత తెలివితక్కువవాణ్ణి.

గత నెలలో ఆమెకు గుండె మరీ నీరసించి ఆసుపత్రిలో చేర్చారు. ఆ రోజు చెప్పేయాలని నిశ్చయించుకుని వెళ్ళాను. ఏ మాట తరువాత ఏ మాట అనాలో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. బయట సాయంకాలపు ఎండ అద్దాల మేడల మీద పడి, మంచం మీద దుప్పటి కూడా బంగారు రంగులో ఉంది.

"టీచరమ్మా, నేనొక తప్పు చేసిన" అన్నాను.

ఆమె చెయ్యి ఎత్తారు, తరగతిలో అల్లరి ఆపేటప్పుడు ఎత్తినట్టు. "ఇవాళ తప్పులు దిద్దే ఓపిక లేదండీ. ఆ మేడ చూడండి, సూర్యుడు రెండోసారి అస్తమిస్తున్నాడు. కాసేపు చూద్దాం."

చూశాం. కాగితం నా జేబులోనే ఉండిపోయింది. అదే నేను ఆమెతో గడిపిన ఆఖరి సాయంకాలం.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజున స్టెల్లా మా ఇంటికి వచ్చింది. అట్లాసు, పాసుపుస్తకం, ఫండు కాగితాలు బల్ల మీద పెట్టింది. "అంకుల్, ఈ ఫండుకు నామినీని నేను. దీన్ని ఏం చేయమంటారు? ఉంచమంటారా?"

"నన్ను మాత్రం అడగకు బిడ్డా" అన్నాను. అంతా చెప్పాను. గడి సంగతి, బ్యాంకు సంగతి. చెబుతుంటే లక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమెకూ అప్పుడే తెలిసింది.

స్టెల్లా ఆశ్చర్యపోలేదు. పాసుపుస్తకం తెరిచి నా ముందుకు జరిపింది. ప్రతి మూడు నెలలకోసారి ఒకే వరస అచ్చై ఉంది: నగదు జమ, లింగంపల్లి శాఖ. పద్నాలుగు చోట్ల.

నలభై ఏళ్ళు టికెట్లు ఇచ్చినవాణ్ణి. ప్రతి టికెట్టు మీదా బండెక్కిన స్టేషను పేరు ఉంటుందని నాకు తెలియనిదా? నా పేరు దాచడానికి అంత జాగ్రత్త పడి, ఊరి పేరు పడుతుందన్న సంగతి మరిచాను.

"మొదటిసారే పెద్దమ్మకు తెలిసింది అంకుల్" అంది స్టెల్లా. "ఫండు వాళ్ళ కాగితం కూడా పోస్టులో వచ్చింది, గ్రోత్ అని ఉంది. నేను కోపంతో మీ ఇంటికి వద్దామని చెప్పులేసుకున్నా. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. 'ఆయన రైల్వే మనిషే. టైము తప్పకుండా తెస్తారు. ఆ బండి ఆపకు' అంది. 'మరి నీకు ప్రపంచం నుంచి రావాలి గదా' అన్నా. 'వెనక వీధి ప్రపంచంలోది కాదటే?' అని నన్నే తిట్టింది."

లక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుని, "నాలుగేండ్లు నీ పింఛను పైసలతోనే నాకు కివీ పండ్లు తినిపించిన్రు ఇద్దరూ కలిసి. ఒక్కరన్న చెప్పిన్రా!" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో పోల్చుకోలేకపోయాను. బహుశా రెండూ.

స్టెల్లా వెళ్ళాక అట్లాసు తెరిచాను. నార్వే మీద, పోర్చుగల్ మీద, జపాన్ మీద ఎక్కడా ఏ గుర్తూ లేదు. ఒక్క మన దేశపు పేజీలో, హైదరాబాదుకు ఎడమ పక్కన, పెన్సిలుతో సన్నని చుక్క ఉంది. అంత చిన్న పటంలో లింగంపల్లి ఉండదు. ఆమే చీమ తలంత అక్షరాలతో ఆ పేరు రాసుకున్నారు. దాని చుట్టూ పద్నాలుగు తేదీలు. నా డైరీలు దించి ఒక్కొక్కటీ సరిచూశాను. నేను బ్యాంకుకు పోయిన తేదీలే అన్నీ. జ్వరం వల్ల ఆలస్యమైన తేదీ పక్కన మాత్రం "కులాసా" అని ఉంది.

విద్య నేర్పినవారు గురువులైతే, నా తప్పును నాకు చెప్పకుండా, అందులోంచి నాలుగేళ్ళ పండగను తీసి ముగ్గురికీ పంచిన ఆ తల్లి నాకు గురువు. నేను ఆమె ఉత్తరాలను ఆపాను. నేను రాసిన దొంగ ఉత్తరాలను ఆమె నిజమైన ఉత్తరాలుగా చదువుకున్నారు. అటువంటి చదువరి నాకు మళ్ళీ దొరకరు. మన వీధిలో తూర్పు ఎటని అడిగేవారు ఇక లేరు. ఆమెకు చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

అట్లాసును స్టెల్లా నా దగ్గరే ఉంచమంది. నిన్న ఉదయం నేనూ లక్ష్మీ టిఫిను కట్టుకుని కోకాపేట వెళ్ళాం. సెక్యూరిటీ ఆయన మూడు కుర్చీలు తెచ్చాడు. చెప్పాం. ఆయన మూడో కుర్చీ తీసుకుపోలేదు. మంచులో మేడల పై అంతస్తులు తేలుతున్నాయి. అట్లాసు ఒళ్ళో పెట్టుకుని, ఆమె చేసినట్టే కళ్ళు మూసుకుని, పేజీలు తిప్పి, వేలు పెట్టాను.

"ఏడ పడ్డది?" అంది లక్ష్మి.

కళ్ళు తెరిచాను. వేలి కింద అంతా నీలం. చుట్టుపక్కల ఎక్కడా నేల లేదు.

"ఓడల ఉన్నరు" అన్నాను.